పిల్లల కీళ్లవాతం: సరిహద్దు ఊళ్లలో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

“చిన్నపిల్లలకు వాతం ఏటండి బాబూ, అది మా అత్తకు కదా ఉన్నది!” ఆంధ్ర సరిహద్దుకు అవతల ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూరు వైపు నుంచి వచ్చే తల్లులు పిల్లల వైద్యుడినైన నాతో తరచుగా అనే మాట ఇది. కీళ్లవాతం పిల్లలకూ వస్తుంది. పదహారేళ్లు నిండకముందే మొదలై, కనీసం 6 వారాలు కీలు వాపు నిలిచి, వెతికినా మరే కారణమూ దొరకనప్పుడు దానిని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటాము. ఇందులో 7 రకాలను గుర్తించారు. మన దేశంలో ఆరేళ్లు దాటిన మగపిల్లల్లో మడమ నొప్పితో, తుంటి నొప్పితో మొదలయ్యే రకం ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ జబ్బు ఉదయం పూట ఎక్కువగా బయటపడుతుంది. తెల్లవారి మరుగుదొడ్డిలో గొంతుకూర్చోలేక గోడ పట్టుకున్న పిల్ల పది గంటలకు బడి ఆవరణలో పరుగెత్తుతుంటే, ఇంట్లోవాళ్లు అవి బడి ఎగ్గొట్టే వేషాలనుకుంటారు. వాపు ఉన్నదీ లేనిదీ చేత్తో చూసి చాలావరకు చెప్పవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మోకాలు తొడకన్నా, పిక్కకన్నా కాస్త చల్లగా తగులుతుంది. అది వెచ్చగా తగిలినా, మోకాలిచిప్ప పక్కనుండే గుంట పూడిపోయినా ఆ మోకాలిని అనుమానించవలసిందే. రాత్రిపూట రెండు కాళ్లూ లాగుతున్నాయని ఏడ్చి, పొద్దున్నే కుంటకుండా ఆడుకునే పిల్లవాడి సంగతి వేరు; అవి సాధారణంగా ఎదుగుదల నొప్పులే.

రక్తపరీక్ష కాగితమే జబ్బును తేలుస్తుందన్నది మరో అపోహ. దీనివల్ల జరిగే నష్టమే అన్నిటికన్నా ఎక్కువని నా అభిప్రాయం. కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని వాచిన మోకాలితో పిల్లను ఇంటికి పంపేస్తారు. కానీ ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ పరీక్ష నెగటివే వస్తుంది. ఇంకోవైపు ఏఎస్ఓ అనే రక్తపరీక్ష విలువ పెరిగిందని, రుమాటిక్ జ్వరమనుకుని ఏళ్ల తరబడి పెన్సిలిన్ సూదిమందు వేయిస్తారు. ఏఎస్ఓ పెరగడమంటే ఇటీవల గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకిందని మాత్రమే అర్థం, అది బడిపిల్లల్లో మామూలు విషయం. అలా సోకిన తరువాత కొందరికి వచ్చే రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక కీలు నుంచి మరో కీలుకు మారుతూ పోతుంది, ఆస్పిరిన్‌కు త్వరగా లొంగుతుంది, కీళ్లను దాదాపుగా చెడగొట్టదు. దాని దెబ్బంతా గుండె కవాటాల మీద పడుతుంది. నెలల తరబడి అదే మోకాలిలో పాతుకుపోయిన వాపు ఆ జ్వరం కాదు. అయితే రుమాటిక్ జ్వరమని సరిగ్గా నిర్ధారణ అయి, మూడు వారాలకోసారి పెన్సిలిన్ తీసుకుంటున్న పిల్లలు ఇది చదివి సూది మానేయకూడదు; మానితే జ్వరం తిరగబెట్టి గుండెకు ప్రమాదం కలుగుతుంది.

గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఇక్కడ ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, సికిల్‌సెల్ వ్యాధి ఉంది, దాని ఎముకల నొప్పి కీళ్లవాతంలాగే కనిపిస్తుంది. రక్తక్యాన్సర్ కూడా ఒక్కోసారి కాళ్ల నొప్పితోనే మొదలవుతుంది. ఇవి కావని తేల్చుకోకుండా స్టెరాయిడ్ ఇస్తే, నొప్పి కొన్నాళ్లు తగ్గి అసలు జబ్బు మరుగున పడుతుంది. వంకాయ, పెరుగు, చింతపండు మాన్పించడం వల్ల మాత్రం ఏ జబ్బూ తేలదు, తగ్గదు. పిల్ల చిక్కిపోతుంది, అంతే.

“పిల్లల రుమటాలజీ (కీళ్లవాత వైద్యం) వైద్యుల సంఘాలు పెద్ద నగరాల సదస్సుల కోసమే” అని తోటి వైద్యులే అంటుంటారు. అదీ అపోహే. పిల్లల కీళ్లవాతం అరుదైన వ్యాధి కనుక ఏ ఒక్క ఆసుపత్రికీ మందును పరీక్షించడానికి సరిపడినంత మంది పిల్లలు దొరకరు. ఈ చిక్కు తీర్చడానికే 1973లో అమెరికాలో పీడియాట్రిక్ రుమటాలజీ కొలాబరేటివ్ స్టడీ గ్రూప్, 1996లో ఇటలీలోని జెనోవా కేంద్రంగా ప్రింటో అనే పరిశోధన బృందాలు ఏర్పడ్డాయి. 1992లో అచ్చయిన అమెరికా, సోవియట్ వైద్యుల ఉమ్మడి పరీక్షలో 127 మంది పిల్లలు పాల్గొన్నారు. చదరపు మీటరు శరీర వైశాల్యానికి వారానికి 10 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ (కీళ్ల వాపును అదుపుచేసే మందు) పనిచేస్తుందనీ, 5 మిల్లీగ్రాములు చాలవనీ అందులో తేలింది. మామూలు మోతాదుకు లొంగని పిల్లల్లో 15, 30 మిల్లీగ్రాములను పోల్చిన ప్రింటో పరీక్ష 2004లో వెలువడింది, రెట్టింపు మోతాదుతో అదనపు లాభమేమీ కనబడలేదు. “మందు ఇంకాస్త పెంచండి బాబూ” అని పర్లాకిమిడి తండ్రి అడిగినప్పుడు నేను చెప్పే జవాబుకు ఆధారం ఆ పరీక్షే.

అదే మందును క్యాన్సర్ మందని ఎవరో చెబితే భయపడి మానేస్తారు. క్యాన్సర్‌లో వాడే మోతాదులు దీనికి ఎన్నో రెట్లు ఉంటాయి. అసలు భయపడవలసింది వారానికి ఒకసారి వేయవలసిన మాత్రను పొరపాటున రోజూ వేయడానికి, ఎందుకంటే అది ప్రాణాపాయం. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, దుకాణంలో ఒడియాలో చెబుతారు, మాత్ర వేసే నాయనమ్మకు తెలుగే వచ్చు. అందుకని మాత్ర వేయవలసిన రోజు పేరును తెలుగులో పెద్ద అక్షరాలతో మందు పెట్టె మీద రాయించుకోవాలి. కాలేయం, రక్తకణాల పరీక్షలను చెప్పిన గడువుకు చేయించాలి.

చివరి అపోహ కంటి గురించి. కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు కనుక పరీక్ష అక్కరలేదనుకుంటారు. చిన్న వయసులోనే ఒకటి రెండు కీళ్లతో జబ్బు మొదలై, ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉన్న పిల్లల్లో కంటి లోపలి వాపు ఏ లక్షణమూ లేకుండా వచ్చి చూపును తినేస్తుంది. బడిలో గోడమీద అక్షరాలు చదివిస్తే ఇది తెలియదు. కంటి వైద్యుడు స్లిట్‌ల్యాంప్ అనే సూక్ష్మదర్శినితో కంటి లోపల చూడాలి. ఇలాంటి పిల్లలకు మొదటి సంవత్సరాలలో మూడు నెలలకోసారి ఆ పరీక్ష తప్పదు, మోకాలి వాపు పూర్తిగా తగ్గి మందు ఆపేసిన తరువాత కూడా దానిని కొనసాగించాలి.