థర్మోస్టాట్ పీకించే ముందు ఈ ఉత్తరం చదవండి

విజయనగరం

పెద్దోడికి, చిట్టితల్లికి తాత ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో జీపు సంగతి చెప్పారు కదా, సాలూరు దాటి పి.కోనవలస దగ్గర ఘాటీ ఎక్కుతుంటే హీట్ మీటరు ముల్లు ఎర్రగీత దాకా పోయిందని, షెడ్డులో మెకానిక్ చూసి "థర్మోస్టాట్ పీకేద్దాం, హోసులు డైరెక్టుగా కలిపేద్దాం, ఇక వేడెక్కదు" అన్నాడని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఒరే పెద్దోడా, థర్మోస్టాట్ అంటే ఇంజను నుంచి రేడియేటర్‌కి పోయే నీళ్ల దారిని వేడిని బట్టి తెరిచి మూసే తలుపు, దాన్ని పీకించకు. నేను ఒకసారి పీకించాను, ఏమైందో చెబుతాను.

అప్పుడు నాది డీజిల్ లారీ, రామభద్రపురం నుంచి కోరాపుట్ లోడ్లు వేసేవాడిని. ఇప్పుడు నేషనల్ హైవే 26 అంటున్నారు గానీ అప్పట్లో ఆ రోడ్డు 43. బండి కొంచెం వేడెక్కుతోందని ఒక షెడ్డులో చెబితే పది నిమిషాల్లో థర్మోస్టాట్ తీసి నా చేతిలో పెట్టారు. చలికాలం కావడంతో రెండు నెలలు ముల్లు పైకి లేవలేదు, నేను కూడా అది చూసి సంబరపడ్డాను. మే నెల వచ్చింది. మిట్టమధ్యాహ్నం నిండు లోడుతో ఘాటీ ఎక్కుతుంటే మూడో మలుపు దగ్గర ముల్లు లేచింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకి ఆపి, ఇంజను రన్నింగులోనే బానెట్ ఎత్తి చూశాను. కింద హోసు, అంటే రేడియేటర్ అడుగు నుంచి వాటర్ బాడీకి, అదే నీళ్ల పంపుకి, వెళ్లే లావుపాటి రబ్బరు పైపు, చదునుగా అతుక్కుపోయి ఉంది. పాలైసు పొట్లం చివర కొరికి గట్టిగా పీలిస్తే ఎలా లోపలికి అంటుకుపోతుందో అలా. యాక్సిలరేటర్ వదిలితే ఉబ్బుతోంది, తొక్కితే మళ్లీ అతుక్కుంటోంది. పంపు నీళ్లు లాగుతోంది, పైపు దారి ఇవ్వడం లేదు.

ఇంజను ఆపి, "నీళ్లు చూడరా" అన్నాను క్లీనరు కుర్రాడితో. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడు గోనెసంచి ముక్క వేసి రేడియేటర్ మూత తిప్పాడు. మరిగే నీళ్లు వాడి మోచేతి నుంచి మెడ దాకా కొట్టాయి. సాలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం, బతికాడు, కానీ ఆ మచ్చలు పోలేదు. ఇన్నేళ్లయినా వాడు పండక్కి వచ్చి కూర్చుంటే నా చూపు ఆ మెడ మీదికే పోతుంది. అందుకే మీకు ముందే చెబుతున్నాను, వేడి రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. బండి ఆపి, కనీసం ముప్పావుగంట చెట్టు కింద కూర్చోండి. పై హోసు చేత్తో నొక్కగలిగేంత చల్లారి మెత్తబడాకే మూత. మరిగే ఇంజన్లో చన్నీళ్లు గుమ్మరించకండి, హెడ్డు, అంటే ఇంజను పైభాగం, పగులుతుంది.

థర్మోస్టాట్ లేకపోతే ఎందుకు వేడెక్కింది అని చిట్టితల్లి అడుగుతుంది, నాకు తెలుసు. మన ఊరి చెరువు మదుము గుర్తుందా? థర్మోస్టాట్ అలాంటి తలుపే. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రేడియేటర్ వైపు మూసి ఉంటుంది, నీళ్లు బైపాస్ అనే చిన్నదారిలో ఇంజన్లోనే తిరుగుతాయి, త్వరగా వేడెక్కుతాయి. లోపల చిన్న ఇత్తడి డబ్బీలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బి ఒక కడ్డీని నెడుతుంది, స్ప్రింగు వెనక్కి తగ్గి తలుపు తెరుచుకుంటుంది. చల్లారితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు మళ్లీ తలుపు మూస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. ఇంత చక్కటి పనిముట్టు బండిలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాని మీద 82 అనో 88 అనో అంకె కొట్టి ఉంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరవడం మొదలవుతుంది, పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది పన్నెండు డిగ్రీలు కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఇంజన్లలో ఈ తలుపుకి అడుగున రెండో పళ్లెం ఉంటుంది. పై తలుపు తెరుచుకుంటూ ఉంటే ఆ పళ్లెం బైపాస్ దారి మూస్తూ వస్తుంది, అప్పుడే నీళ్లన్నీ రేడియేటర్‌కి పోతాయి. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. నీళ్లు ఎప్పుడూ దగ్గరి దారే చూసుకుంటాయి కదా, సగం వేడినీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లోకి తిరిగి వచ్చేస్తాయి. నా లారీకి జరిగింది అదే, దానికి తోడు ముసలి హోసు. పోనీ బైపాస్ కూడా మూసేస్తే? అప్పుడు ఇంజను ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది, డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్ పలచబడక పిస్టన్లు, లైనర్లు తొందరగా అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. థర్మోస్టాట్ ఉంచి బైపాస్ ఒక్కటే మూస్తే ఇంకా ఘోరం, తలుపు తెరుచుకునే లోపు నీళ్లు కదలక హెడ్డులో ఒకచోట మరిగిపోతాయి.

కాబట్టి మార్చాల్సినవి మార్చండి, పీకకూడనిది పీకకండి.

ముందు పాత థర్మోస్టాట్ బాగుందో లేదో చూడండి. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి, పక్కనే 100 డిగ్రీల దాకా చూపించే థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు. అంకె దగ్గర సందు కనిపించాలి, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, కిందికి దించాక మూసుకోవాలి. మరుగుతున్నా కదలకపోతే మీ జబ్బు అక్కడే ఉంది, అదే అంకె ఉన్న కొత్తది వేయించండి. తక్కువ అంకెది వేస్తే చల్లగా ఉంటుందంటారు, నమ్మొద్దు. అది తలుపు ముందుగా తెరుస్తుందంతే, రేడియేటర్ సత్తా పెంచదు.

బిగించేటప్పుడు మైనం డబ్బీ, స్ప్రింగు ఉన్న వైపు ఇంజను వైపుకి ఉండాలి. అంచు మీద చిన్న కన్నం, అందులో ఆడే చిన్న పుల్ల లాంటిది ఉంటే అది పైకి రావాలి. ఆ కన్నంలోంచే గాలి బయటికి పోతుంది. కన్నం లేనిదైతే మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుతో అంచు మీద ఒక్క కన్నం పెట్టించుకోవచ్చు. ఈ మార్పు నేనూ చేయించాను, ఎయిర్ లాక్ బాధ తప్పింది. ఎయిర్ లాక్ అంటే తేలిక అనుకోకండి, హెడ్డులో గాలి బుడగ నిలిచిన చోట నీళ్లు తగలవు, మీటరు కూడా అబద్ధం చెబుతుంది. నీళ్లు నింపేటప్పుడు జీపు ముక్కు పైకి వచ్చేలా ఎత్తు మీద నిలబెట్టి, మూత తీసి, చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి.

హోసుల దగ్గర కక్కుర్తి పడకండి. కింద హోసులో స్ప్రింగు ఉందో లేదో చేత్తో నొక్కి చూడండి. పాత స్ప్రింగు తుప్పు పట్టి విరిగిపోయి ఉంటుంది, చాలామంది కొత్త పైపు వేసేటప్పుడు దాన్ని పారేస్తారు. స్ప్రింగు లేకపోతే పైపు గట్టిది, లోపల గుడ్డ పొర ఉన్నది కావాలి. తిన్నటి పైపుని బలవంతంగా వంచి పెట్టించొద్దు, వంపు దగ్గర మడత పడి నీళ్ల దారి సగమవుతుంది, ఆ వంపుకి పోతపోసినదే తెచ్చుకోండి. ఆయిల్ తడిసి ఉబ్బినది, చివర్లు బీటలు వారినది, నొక్కితే జావలా ఉన్నది ఉంచొద్దు. క్లిప్పు పైపు చివర మీద కాదు, లోపలి గొట్టం మీద ఉన్న గట్టు దాటాక పడాలి. బండి ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒక పట్టు బిగించండి.

మూత కూడా చిన్న విషయం కాదు. దాని మీద 0.9 ఉంటే అంత బార్ ఒత్తిడి పట్టి ఉంచుతుందన్నమాట, అప్పుడు మామూలు నీళ్లే 118 డిగ్రీల దాకా మరగవు, అమ్మమ్మ కుక్కర్ లాగే. రబ్బరు పోయిన మూతతో ఘాటీ ఎక్కితే ఆ బలం అంతా పోతుంది, పైగా కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడ మూత ఒత్తిడి లేని నీళ్లు మన దగ్గరికన్నా మూడు డిగ్రీలు ముందే మరుగుతాయి. అలాగని ఉన్న అంకెకన్నా పెద్దది కొనకండి, పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి.

మీ జీపుకి మూత దగ్గరి సన్న పైపు కిందికి వదిలేసి ఉందన్నావు కదరా, దానికి ఒక బాటిల్ పెట్టించు. పైపు కొస బాటిల్ అడుగుదాకా, ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. వేడికి పొంగిన నీళ్లు అందులోకి పోతాయి, చల్లారాక తిరిగి లోపలికి వస్తాయి. ఇప్పుడైతే నేలపాలవుతున్నాయి, వాటి స్థానంలో గాలి దూరుతోంది. దీనికి వెనక్కి పీల్చుకునే వాల్వు, మెడ దగ్గర రబ్బరు వాషరు ఉన్న మూత కావాలి.

బోరునీళ్లు పోయకండి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, రేడియేటర్ సన్నగొట్టాల్లో అదే కడుతుంది. కూలెంటు, అంటే రేడియేటర్ నీళ్లలో కలిపే మందు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. చిట్టితల్లీ, డబ్బా మూత పెట్టి ఎత్తు మీద ఉంచు. కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు నాకితే చచ్చిపోతాయి.

ఇంకొక్కటి. ముల్లు రోడ్డు మీద బాగుండి, నిలిపినప్పుడో మెల్లగా పోతున్నప్పుడో లేస్తే ఫ్యాన్ బెల్టు, ఫ్యాను చూడండి. లోడు మీదో ఎత్తు మీదో మాత్రమే లేస్తే రేడియేటర్ లోపల పూడికో, హోసో.

ఆదివారం ఇద్దరూ జీపులో కాకుండా బస్సులో రండి. పాత థర్మోస్టాట్, కింద హోసు, మూత ఒక సంచిలో వేసుకుని రండి. థర్మామీటరు నేను తెప్పించి ఉంచుతాను.

మీ తాత