పాత కాంటెస్సాలో పెద్ద ఇంజిన్: ఆ వేడి ఎక్కడికి పోతుంది?

హిందుస్తాన్ మోటార్స్ 1984లో కాంటెస్సా కారును రోడ్డెక్కించినప్పుడు చూసినవాళ్లంతా తల తిప్పి చూశారు. పొడవాటి బానెట్, విశాలమైన సీట్లు, నిండైన విగ్రహం. లోపల ఉన్నది మాత్రం అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజినే, సుమారు 50 హార్స్‌పవర్. అంత పెద్ద బాడీని అది ఈడ్చలేక ఈడ్చేది. కొన్నేళ్ల తర్వాత అదే కంపెనీ అదే బాడీలో జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజిన్‌ను, అయిదు గేర్ల పెట్టెను కూర్చోబెట్టింది. శక్తి 88 హార్స్‌పవర్‌కు చేరింది. కాంటెస్సాకు ఈనాటికీ అభిమానులు ఉన్నారంటే ఆ ఇంజిన్ మార్పిడి పుణ్యమే.

ఇలాంటి జోడింపులు మన దేశంలో ఆ రోజుల్లో మరికొన్ని జరిగాయి. ఫియట్ 124 బాడీలో నిస్సాన్ 1171 సీసీ ఇంజిన్ పెట్టి ప్రీమియర్ 118 ఎన్‌ఈ తయారుచేశారు. అది బాగానే నడిచింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ 2000 కథ దీనికి తలకిందులు. ఐరోపాలో 1977లో మేటి కారుగా ఎంపికైన రోవర్ ఎస్‌డీ1 బాడీని తెచ్చారు, అందులో ఉండాల్సిన 3.5 లీటర్ల వీ8 ఇంజిన్‌ను వదిలేసి ఎప్పటిదో పాత 1991 సీసీ ఇంజిన్‌ను పెట్టారు. 1985లో వచ్చిన ఆ కారు నాలుగేళ్లు కూడా నిలబడలేదు.

కాబట్టి ఒక కారు ఇంజిన్ ఇంకో కారులో పెట్టాలన్న ఆలోచన కొత్తదీ కాదు, పిచ్చిదీ కాదు. కడపలోనో కర్నూలులోనో ఒక కుర్రాడు పాత కాంటెస్సాను కొని, అందులో జపాన్ స్పోర్ట్స్ కారు టయోటా సుప్రా ఇంజిన్‌ను ఊహించుకుంటున్నాడంటే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఈ పని గురించి మాట్లాడేవాళ్లంతా హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు లెక్క వేడిది. మన రాయలసీమలో అయితే మరీను.

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో ఉజ్జాయింపుగా మూడో వంతు చక్రాలకు శక్తినిచ్చే క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పుతుంది. మరో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. తక్కిన దానిలో ఎక్కువ భాగం రేడియేటర్ నీళ్లలోకి చేరుతుంది. అంటే 50 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి జోరులో ఉన్నప్పుడు రేడియేటర్ సుమారు 37 కిలోవాట్ల వేడిని వదిలించుకోవాలి. సుప్రాలోని మూడు లీటర్ల 2జేజెడ్ టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే) ఇంజిన్ జపాన్ లెక్క ప్రకారం 280 హార్స్‌పవర్‌ది. దానికి అదే లెక్క వేస్తే 200 కిలోవాట్లు దాటుతుంది.

ఆ వేడిని రేడియేటర్ గాలికి అప్పగిస్తుంది. ఎంత అప్పగించగలదన్నది నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాపై ఆధారపడి ఉంటుంది. కాంటెస్సా బాడీ పుట్టింది ఇంగ్లండ్‌లో, వాక్స్‌హాల్ వారి కారుగా. అక్కడ బయట 15 డిగ్రీలు, రేడియేటర్‌లో 95 డిగ్రీలు అనుకుంటే తేడా 80. మే నెలలో కడపలో బయట 43 ఉన్న మధ్యాహ్నం ఆ తేడా 52కు పడిపోతుంది. అదే రేడియేటర్, అదే ఫ్యాను, అదే వేగం. అయినా వదిలించుకోగల వేడి మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. విదేశీ వీడియోలో చూసిన రేడియేటర్ కొలతలను ఇక్కడ నమ్ముకోకూడదు అనేది ఇందుకే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. కడప నుంచి కర్నూలుకు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లే ఒక పాత సెడాన్‌కు గాలి ఒత్తిడినీ టైర్ల రాపిడినీ అధిగమించడానికి కావలసింది సుమారు 20 హార్స్‌పవరే. బానెట్ కింద 50 ఉన్నా 280 ఉన్నా ఆ 20లో మార్పు లేదు. అందుకే హైవే మీద పెద్ద ఇంజిన్ హాయిగానే ఉంటుంది. వేడిని చూపే ముల్లు పైకెక్కేది ఊళ్లోకి వచ్చాక, ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు. ఊరికే తిరగడానికి కూడా మూడు లీటర్ల ఇంజిన్ ఒకటిన్నర లీటర్ల దానికంటే ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఎక్కువ వేడి కక్కుతుంది. ఎదురుగాలి లేదు, ఫ్యానే దిక్కు. ఆ ఫ్యాను చుట్టూ సరైన తొడుగు లేకపోతే అది పీల్చాల్సిన గాలి రేడియేటర్ గుండా రాదు, పక్క సందుల్లోంచి వచ్చేస్తుంది.

చాలామంది గాలి లోపలికి రావడం గురించే ఆలోచిస్తారు. బయటికి పోవడం అంతకంటే ముఖ్యం. పాత చిన్న ఇంజిన్ చుట్టూ చెయ్యి దూర్చి తిప్పగలిగినంత ఖాళీ ఉండేది. కొత్త ఇంజిన్ ఆ ఖాళీని మొత్తం మూసేస్తుంది. వేడి గాలికి దారి లేకపోతే ముందు నుంచి కొత్త గాలి కూడా రాదు. దీనికి విరుగుడుగా బానెట్ వెనుక అంచు కింద వాషర్లు పెట్టి కాస్త పైకి లేపడం షెడ్లలో కనిపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు అది కొంత పనిచేస్తుంది. వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కనుక ఆ సందులోంచి గాలి బయటికి పోకపోగా లోపలికి దూరే అవకాశం ఉంది. రంధ్రాలు పెట్టాలంటే రేడియేటర్‌కు కాస్త వెనుక, బానెట్ ముందు భాగంలో పెట్టాలి. అక్కడ ఒత్తిడి తక్కువ.

ఎండ ఇంజిన్ శక్తిని కూడా తినేస్తుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. సముద్ర మట్టానికి 300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అనంతపురంలో మరో మూడు నాలుగు శాతం తగ్గుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు దక్కే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువే. పైగా బానెట్ కింది వేడి గాలినే పీలిస్తే మిశ్రమం సమయానికి ముందే దానంతట అది పేలడం మొదలవుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనే ఆ చప్పుడు పిస్టన్ల మీద సమ్మెట దెబ్బ. ఆధునిక ఇంజిన్‌లో సెన్సర్ దాన్ని పసిగట్టి నిప్పురవ్వ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది, ఇంజిన్ బతుకుతుంది, శక్తి మాత్రం పోతుంది.

ఇక ఇంజిన్ పడుతుందా అన్న ప్రశ్న. సీసీని బట్టి బయటి కొలతలు ఊహించడం తప్పు. 1997లో షెవర్లే కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజిన్ 5.7 లీటర్లది, 345 హార్స్‌పవర్. అయినా ప్రపంచమంతటా చిన్న చిన్న కార్లలో దూరిపోయింది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దానికి ఒక్కటే, అదీ రెండు వరుసల సిలిండర్ల నడుమ కింద ఉంటుంది. అందువల్ల సిలిండర్ల మీది మూతలు, అంటే హెడ్లు, చిన్నవి, వెడల్పూ ఎత్తూ తక్కువ. బ్లాకు అల్యూమినియంది కాబట్టి బరువు కూడా అదుపులో ఉంది. 2జేజెడ్‌లో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి, బ్లాకు పోత ఇనుము. వణుకు లేకుండా తిరగడంలో ఆ అమరిక మేటి, ఎంత ఒత్తిడినైనా తట్టుకుంటుందన్న పేరూ ఉంది. కానీ పొడవు ఎక్కువ. రేడియేటర్‌ను ముందుకు జరపాలి, లేదా ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే అడ్డుగోడను కోయాలి.

ఎక్కువ మంది పట్టించుకోనిది సంపు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే లోతైన భాగం కొన్నిటికి ముందు ఉంటుంది, కొన్నిటికి వెనుక. మన కారు ముందు చక్రాల మధ్య ఉండే అడ్డకమ్మీ సరిగ్గా అక్కడే తగులుతుంది. సంపు కోసి వెల్డింగ్ చేస్తే పడుతుంది గాని, ఆయిల్ పీల్చే గొట్టం కొత్త లోతుకు సరిపోకపోతే మలుపు తిరిగిన ప్రతిసారీ ఆయిల్ పక్కకు ఒరిగి గొట్టం గాలి పీలుస్తుంది. బేరింగులకు కొన్ని క్షణాలు ఆయిల్ అందకపోయినా చాలు, లక్షలు పోసి తెచ్చిన ఇంజిన్ పని అయిపోయినట్టే.

ఇంజిన్‌ను వేరే గేర్‌బాక్సుకు కలపడానికి మధ్యలో ఒక మందపాటి పలక కావాలి. కడపలో ఒక లేత్ షాపులో ఆ పలక పని దగ్గర నిలబడి చూశాను. ఫ్లైవీల్‌కు అయస్కాంతంతో డయల్ గేజీ బిగించారు. దాని ముల్లు గేర్‌బాక్సు ముఖం నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం అంచును తాకుతోంది. క్రాంక్‌ను చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పితే గేజీలో సూది ఇటూ అటూ ఎంత కదిలిందో, కేంద్రాలు ఎంత తప్పాయో తెలిసిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లో ఉండాలి. లేకపోతే గేర్‌బాక్సు ముందు షాఫ్టు తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది, బేరింగు అరుగుతుంది, క్లచ్ సరిగా విడవదు. ఆ పనివాడు బోల్టు వదులు చేసి, ఇత్తడి సుత్తితో ఒక్క తట్టు తట్టి, మళ్లీ బిగించి, మళ్లీ తిప్పాడు. సూది నిలకడకు వచ్చేదాకా అదే పని. అప్పుడు గాని పలకను కదలకుండా ఉంచే డోవెల్ పిన్నుల రంధ్రాలు వేయలేదు. పుస్తకాల్లో చదివిన ఏకకేంద్రత నాకు అక్కడ కళ్లకు కట్టింది.

గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివరలా కీళ్లలా వంగే క్రాసుల కోణాలు కూడా అంతే పట్టింపుగా చూడాలి. క్రాసు 10 డిగ్రీల కోణంలో పనిచేస్తే, లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికి వెళ్లే వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, సుమారు ఒకటిన్నర శాతం మేరకు. రెండు క్రాసుల కోణాలూ సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గులను రెండోది రద్దు చేస్తుంది. కొత్త ఇంజిన్‌ను కాస్త వాల్చి బిగించి వెనుక ఇరుసు హౌసింగును పట్టించుకోకపోతే 80 దాటగానే కారంతా దడదడలాడుతుంది. దానికి టైర్లను నిందించి బ్యాలెన్సింగుల చుట్టూ తిరిగేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు శక్తి రోడ్డు మీదికి వచ్చే చోటు. మొదటి గేరు నిష్పత్తి 3.5, వెనుక ఇరుసు నడుమ ఉండే గేర్ల పెట్టె డిఫరెన్షియల్‌ది 4 అనుకుందాం. పాత ఇంజిన్ ఇచ్చే 100 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వెనుక ఇరుసు దగ్గర 1400 అవుతుంది. కొత్త ఇంజిన్ 400 ఇస్తే 5600. కారు బరువు 1200 కిలోలు, అందులో సగం వెనుక చక్రాల మీద, టైర్ల పట్టు గుణకం 0.8, చక్రం వ్యాసార్థం 30 సెంటీమీటర్లు. ఈ లెక్కన టైరు జారకుండా రోడ్డుకు అందించగల టార్క్ దాదాపు 1400 మాత్రమే. అంటే బయలుదేరేటప్పుడు పాత ఇంజినే టైర్ల హద్దు దాకా వచ్చేసింది. మిగతా 4200 రబ్బరు కాల్చడానికో, డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ పళ్లు విరగడానికో తప్ప ఎందుకూ పనికిరాదు. పెద్ద ఇంజిన్ లాభం పై గేర్లలో, ఓవర్‌టేక్ చేసేటప్పుడు తెలుస్తుంది. అందుకే ఇరుసునూ టైర్లనూ మార్చకుండా ఇంజిన్ ఒక్కటే మార్చడం నాకు ఏమాత్రం నచ్చదు.

అంతకంటే నచ్చనిది బ్రేకులను చివరికి వదిలేయడం. కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవా కోసం ఆగేవాళ్లకు ఆ మలుపులు బాగా తెలుసు. 1300 కిలోల కారు 60 వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి సుమారు 180 కిలోజౌళ్లు. 120లో ఉంటే రెట్టింపు కాదు, నాలుగింతలు, 720. ఆపినప్పుడు అదంతా వేడిగా మారాలి. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడి, ఆ రెండింటిలో కలిపి 14 కిలోల ఇనుము ఉందనుకుంటే, ఒక్కసారి ఆపితేనే దాదాపు 80 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా నాలుగైదుసార్లు తొక్కితే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లోపలి లైనర్లకు దూరంగా జరుగుతుంది, పెడలు కిందికి దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. మామూలు రకం, డాట్ 3 అనే కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది, తేమ పట్టినదానికి ఆ హామీ 140 డిగ్రీల వరకే. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు, పెడలు కింద ఏమీ ఉండదు. ఇంజిన్ కొనే డబ్బులోంచి మొదట డిస్కులకూ, పెద్ద మాస్టర్ సిలిండర్‌కూ, కొత్త గొట్టాలకూ తీసి పక్కన పెట్టమని అడిగిన ప్రతి కుర్రాడికీ చెబుతాను.

వైరింగు గురించి క్లుప్తంగానే చెబుతాను. ఆధునిక ఇంజిన్‌కు దాని కంప్యూటర్, సెన్సర్లు, పూర్తి వైరింగు, తాళం చెవిని గుర్తుపట్టే వ్యవస్థ అన్నీ ఒకే కారువి ఒకేసారి తెచ్చుకోవాలి. తీగలు కోసి తెచ్చిన ఇంజిన్ చవకగా వచ్చినా వద్దు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కారులోని రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్లు దానికోసం చేసినవి కావు, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా అన్నీ మార్చాలి.

చట్టం విషయంలో మెత్తదనం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 2019 సవరణ ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ నిర్ణయించింది. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ వేయించి, రవాణా శాఖ అనుమతితో కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవడం వేరు, సుప్రా ఇంజిన్ దింపడం వేరు. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఇంజిన్ నంబరు చూస్తారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా అదే చూస్తుంది.

కాబట్టి సుప్రా ఇంజిన్ కాంటెస్సా రేసు ట్రాకు కారుగానే బతకాలి. మనకు దగ్గరి ట్రాకు చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. కారును ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఊళ్లో తిప్పుకునే కాంటెస్సా కావాలనుకునేవాళ్లు ఇసుజు 1.8 ఇంజిన్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారును వెతికి పట్టుకుని, రేడియేటర్, ఫ్యాను తొడుగు, బ్రేకులు, గొట్టాలు కొత్తవి వేయించుకుంటే కడప ఎండలోనూ గువ్వలచెరువు ఘాట్‌లోనూ నిశ్చింతగా తిరగవచ్చు.