ఒకేసారి అందరూ పిలిస్తే

చెన్నై

చిన్నీకీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

ఫైవ్‌జీ అంటే స్పీడే కదా అని మొన్న ఫోన్‌లో అన్నారు. సినిమా డౌన్‌లోడ్‌కైతే స్పీడ్ చాలు. ఫ్యాక్టరీలో రోబో చేతిని ఆపమని చెప్పే కబురుకి అది సరిపోదు. ఆ కబురు 32 బైట్లే, చాలా చిన్నది. కానీ సెకనులో వెయ్యో వంతులో, అంటే ఒక మిల్లీసెకనులో చేరాలి, లక్షసార్లు పంపితే ఒక్కసారికి మించి తప్పకూడదు. ఫైవ్‌జీకి ఐటీయూ అనే అంతర్జాతీయ టెలికం సంస్థ 2017లో పెట్టిన లెక్క ఇది.

ఆ లెక్కల్లోనే ఇంకోటి ఉంది: చదరపు కిలోమీటరుకు 10 లక్షల పరికరాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ పరికరాలకు ఇచ్చిన గడువు మిల్లీసెకను కాదు, 10 సెకన్లు! తొందరా, మందీ రెండూ ఒకేసారి కావాలంటేనే అసలు చిక్కు.

పెళ్లి పంక్తిలో అందరూ ఒకేసారి ‘సాంబారు’ అని కేకేస్తే వడ్డించేవాడికి ఎవరి మాటా వినపడదు. టవర్ పరిస్థితీ అంతే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం అలోహా అనే రేడియో నెట్‌వర్క్ నడిపింది. కబురు ఉన్నవాళ్లు ఎవర్నీ అడక్కుండా పంపేయడమే. రెండు ఢీకొంటే, ఎవరికి వాళ్లు కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఇలాగైతే ఎంత బాగా నడిచినా సమయంలో 18 శాతమే పనికొస్తుంది. అందరి గడియారాలూ కలిపి, సమయాన్ని సమానమైన విడతలుగా చేసి, ప్రతి విడత మొదట్లోనే పంపమంటే 37 శాతం దాకా వెళ్తుంది.

ఫోర్‌జీ వచ్చేసరికి ముందు అనుమతి అడగాలి. అడగడానికి ఒక సెల్లులో, అంటే టవర్ యాంటెన్నా ఒకటి చూసుకునే ప్రాంతంలో, 64 సంకేతాలు ఉంటాయి, ఇద్దరు ఒకటే ఎంచుకుంటే కథ మళ్లీ మొదటికి. ఈ అడగడాలకే మిల్లీసెకన్లు అయిపోతాయి. అందుకని ఫైవ్‌జీలో తొందర ఉన్న పరికరానికి ముందే చోటు రాసిపెట్టవచ్చు. ఒకే కబురుని రెండు దారుల్లో పంపే వీలూ ఉంది. మరి 10 లక్షల పరికరాలకూ అలా చోటు ఉంచగలమా? అవి మాట్లాడేది ఎప్పుడో ఒకసారి, మిగతా సమయమంతా ఆ చోటు వృథా.

నాకు బాగా నచ్చిన దారి వేరే ఉంది. ఢీకొన్న కబుర్లను పారేయకుండా విడదీయడం. గట్టిగా వినిపించినదాన్ని ముందు చదివి, మొత్తంలోంచి తీసేస్తే, కింద అణిగిపోయినది బయటపడుతుంది. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఇందులో ఎంత పనైనా ఉంది.

ఇంత చేసినా దూరం ఒకటి మిగులుతుంది. ఫైబర్ కేబుల్లో వెలుగు మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లే పోతుంది. ఇక్కణ్ణుంచి బెంగళూరుకి తిన్నగా కొలిచినా దాదాపు 290. కాబట్టి మా చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలో రోబోని ఆపాల్సిన కంప్యూటర్ ఆ చుట్టుపక్కలే ఉండాలి.

మీ తాతయ్య