మూసిన డోరుని స్కానర్ ‘ఓపెన్’ అంటోందా? బాడీ ఎలక్ట్రానిక్స్ రీడింగులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: స్కానర్ (బండి కంప్యూటర్లలోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) చూపే కోడ్‌లో ఏ పార్టు పేరు వస్తే అది మార్చేస్తే చాలు.

వాస్తవం: కొత్త పార్టులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కోడ్ వేలు చూపేది సర్క్యూట్ మీదకి. చాలా బండ్లలో డోరు తెరిచినప్పుడు వైరుని ఎర్త్‌కి, అంటే బండి లోహపు బాడీకి, కలపడమే డోర్ స్విచ్ చేసే పనల్లా. అదే వైరు డోరు సందులోని రబ్బరు గొట్టంలో ఒరిసి బాడీకి తగిలినా బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి (డోర్లు, లైట్ల లాంటివి చూసుకునే కంప్యూటర్) తేడా తెలియదు. తెరపై ‘ఓపెన్’ అనే వస్తుంది. అలాంటి బండిలో లైవ్ డేటా (స్కానర్‌లో అప్పటికప్పుడు మారే రీడింగులు) చూస్తూ స్విచ్ కనెక్టర్ పీకండి. ‘క్లోజ్డ్’కి మారిందా, అనుమానం స్విచ్ మీదే. మారలేదా, వైరింగో మాడ్యూలో చూడాలి.

కొన్ని కోడ్‌ల చివర గీత తర్వాత రెండంకెలుంటాయి, చాలామంది చదవరు. 11 అంటే ఎర్త్‌కి షార్ట్, 12 అంటే బ్యాటరీ పాజిటివ్‌కి షార్ట్, 13 అంటే ఓపెన్ సర్క్యూట్ (డోరు తెరుచుకోవడం కాదు, సర్క్యూట్ తెగిపోవడం). సగం దారి అక్కడే తెలుస్తుంది.

అపోహ: తెరపై ‘ఆన్’ అని ఉంటే లైటుకి కరెంటు అందుతున్నట్టే.

వాస్తవం: చాలాసార్లు అది మాడ్యూల్ ఇచ్చిన ఆదేశం మాత్రమే. హోల్డర్ దగ్గర కొలవాల్సిందే, అదీ బల్బు పెట్టి ఉంచే. బల్బు తీసేస్తే తుప్పుపట్టిన వైరు కూడా మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తుంది.

అపోహ: యూ0140 కోడ్ వచ్చిందంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయింది.

వాస్తవం: దానితో మాట కలవడం లేదని వేరే మాడ్యూల్ చేసిన ఫిర్యాదు అది. ముందు ఫ్యూజు, సప్లై, ఎర్త్. తర్వాత బ్యాటరీ తీసేసి, స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. ఆ పిన్నులకి క్యాన్ లైను (మాడ్యూల్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత) నేరుగా వచ్చే బండ్లలో దాదాపు 60 రావాలి. 120 వస్తే లైను రెండు చివర్లా ఉండే రెసిస్టర్లలో ఒకటి అందడం లేదు. బ్యాటరీ డౌనైన బండిలో ఇలాంటి కోడ్‌లు గుంపుగా వస్తాయి. రాసిపెట్టుకుని, బ్యాటరీ సరిచేసి, చెరిపి, మళ్లీ ఏవి వస్తాయో చూడండి.

అపోహ: చిన్న రీడర్‌లో కోడ్‌లు లేవు, కాబట్టి బండి బాగుంది.

వాస్తవం: అవి ప్రధానంగా ఉద్గారాలకి సంబంధించిన ‘పి’ కోడ్‌లే చదువుతాయి. బాడీకి సంబంధించిన ‘బి’ కోడ్‌లకి సాధారణంగా ఆ కంపెనీ బండ్ల బాడీ మాడ్యూల్స్‌లోకి వెళ్లగల స్కానర్ కావాలి.

ఇంకోటి: బయటి ఉష్ణోగ్రత మైనస్ 40 అని కదలకుండా ఉంటే ముందు సెన్సర్ కనెక్టర్ చూడండి, ఊడిపోయి ఉండొచ్చు.