స్లై స్టోన్ ‘రయట్’ ఆల్బమ్ గురించి స్టూడియోలో నేను వినే అపోహలు

నేను రికార్డింగ్ ఇంజనీర్‌ని. టేప్ మీద పని నేర్చుకుని కంప్యూటర్‌కి మారినవాణ్ణి. ఫంక్ (బాస్, డ్రమ్స్ నడకే ప్రధానంగా ఉండే అమెరికన్ సంగీతం) గ్రూవ్ కావాలంటూ వచ్చే కుర్రాళ్ళకి ముందుగా ఒక ఆల్బమ్ వినిపిస్తాను. అది స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బ్యాండ్ 1971 నవంబర్‌లో తెచ్చిన ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ (‘అల్లర్లు జరుగుతున్నాయి’ అని అర్థం). వినగానే వాళ్ళు అనే మాటలు, నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: డ్రమ్ మెషీన్ పెడితే పాటలో ప్రాణం పోతుంది.

వాస్తవం: ఆ ఏడాదే డ్రమ్మర్ గ్రెగ్ ఎరికో బ్యాండ్ వదిలేశాడు. బ్యాండ్ నాయకుడు స్లై చాలా పాటలకి మేస్ట్రో రిథమ్ కింగ్ అనే డ్రమ్ మెషీన్ పెట్టెని వాడాడు. ఇప్పటి రిథమ్ ప్యాడ్‌లా మనకి కావాల్సిన నడకని అందులో కట్టుకోలేం. ముందే బిగించిన నడకలుంటాయి. మీట నొక్కి, వేగం సర్దుకోవాలి, అంతే. ఇప్పుడు ఈ ఆల్బమ్‌లోని ‘ఫ్యామిలీ అఫైర్’ పాట వినండి. పెట్టె టిక్ టిక్‌మంటూ తొణక్కుండా పోతూ ఉంటుంది. బిల్లీ ప్రెస్టన్ ఎలక్ట్రిక్ పియానో, బాబీ వొమాక్ గిటార్ ఆ టిక్కుల సందుల్లో దూరి తిరుగుతుంటాయి. స్లై గొంతు అప్పుడే నిద్ర లేచినట్టు బరువుగా, తాళానికి వెంట్రుకవాసి వెనక వస్తుంది. చెల్లెలు రోజ్ గొంతు మాత్రం నిటారుగా నిలబడుతుంది. పాట ప్రాణమంతా ఆ ఎడంలోనే ఉంది. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. ఈ రోజుల్లో సెషన్ అవగానే ప్రతి నోటునీ గ్రిడ్‌కి, అంటే కంప్యూటర్ తెర మీది తాళం గీతలకి, లాగి అతికించమంటారు. నాకు నిజంగా బాధేస్తుంది. పెట్టె ఎలాగూ కదలదు, వాయించేవాళ్ళనీ కదలనివ్వకపోతే ఇక వినడానికి ఏం మిగిలింది?

అపోహ: ఆ మసక శబ్దం టేప్ సహజ గుణం. ప్లగిన్ (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్) వేస్తే వచ్చేస్తుంది.

వాస్తవం: కొత్త టేప్ అంత మసకగా ఉండదు. ఈ ఆల్బమ్‌లో స్లై చాలా భాగాలు తనే ఒకదాని మీద ఒకటి వాయించాడు. నచ్చకపోతే చెరిపి మళ్ళీ రికార్డ్ చేశాడు. టేప్ హెడ్ (రికార్డ్ చేసే, చదివే భాగం) మీదుగా వెళ్ళిన ప్రతిసారీ దాని పూత కొంచెం అరుగుతుంది. సెషన్ అయ్యాక దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిస్తే ఇటుకపొడి లాంటి రంగు అంటుకునేది, నేనే ఎన్నోసార్లు తుడిచాను. ఆ పొడి కూడా పాటలో భాగమే. ముందుగా పోయేవి పై ఫ్రీక్వెన్సీలు: సింబల్ మెరుపు, ‘స’ అక్షరం పదును. పైగా ట్రాకుల్ని కలిపి వేరే ట్రాక్‌లోకి ఎక్కించిన ప్రతిసారీ ‘హిస్’ అనే హోరు పెరుగుతుంది. అంటే మీరు వింటున్నది ఒక మనిషి అదే పాట దగ్గరికి ఎన్నిసార్లు తిరిగొచ్చాడన్న లెక్క. మిక్స్ అయిపోయాక ప్లగిన్‌తో పైన చల్లిన హోరులో ఆ లెక్క ఉండదు.

అపోహ: బ్యాండ్ ఆల్బమ్ అంటే అందరూ ఒకే గదిలో కలిసి వాయించాలి.

వాస్తవం: పైన చెప్పిందే దీనికీ జవాబు: ఇందులో చాలా భాగాలు స్లై ఒక్కడే ఒకదాని మీద ఒకటి వాయించాడు.

అపోహ: ఫంక్ అంటే బాస్ గిటార్ మీద స్లాప్ (తీగని కొట్టి, లాగి వాయించడం).

వాస్తవం: స్లాప్‌ని జనంలోకి తెచ్చింది ఈ బ్యాండ్ బాసిస్ట్ లారీ గ్రాహమ్. కుర్రతనంలో అమ్మతో కలిసి వాయించేటప్పుడు డ్రమ్మర్ లేకుండా పోయాడు. అందుకే కిక్ డ్రమ్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) బదులు బొటనవేలితో తీగని కొట్టాడు, స్నేర్‌కి (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) బదులు తీగని లాగి వదిలాడు. లేని డ్రమ్స్ లోటు తీర్చడానికి పుట్టిన పద్ధతి అది. అన్ని చోట్లా కొడితే దాని పనే పోతుంది. 1969 చివర్లో వచ్చిన ‘థ్యాంక్యూ’ సింగిల్‌లో ఆ దెబ్బలు చురుగ్గా వినిపిస్తాయి. అదే పాటని ఈ ఆల్బమ్ చివర్లో బాగా నెమ్మది చేసి, ఏడు నిమిషాలు దాటేలా మళ్ళీ వాయించారు. నేను రెండూ వరసగా వినిపిస్తాను. నోట్ల మధ్య ఖాళీ పెరిగేకొద్దీ బరువు పెరగడం తెలుస్తుంది.

అపోహ: టైటిల్ పాట ఏదో అల్లర్ల గురించి.

వాస్తవం: 1970 జులైలో షికాగో గ్రాంట్ పార్క్‌లో ఈ బ్యాండ్ కచేరీ దగ్గర జరిగిన గొడవకీ దీనికీ చాలామంది ముడిపెట్టారు. ఎల్పీ రికార్డు మొదటి వైపు చివర ఆ పేరు ఉంది, నిడివి 0:00, అంటే ఆ పేరుతో పాటే లేదు. అసలు అల్లర్లే ఉండకూడదని అనిపించి అలా పెట్టానని స్లై తర్వాత చెప్పాడు.