రక్తం తిరిగొచ్చే దారి

పెద్దవాళ్ళ ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె నిమిషానికి ఇంచుమించు అంతే రక్తాన్ని తోస్తుంది. అంటే వెళ్ళిన రక్తం వెళ్ళినట్టే తిరిగి రాకపోతే, నిమిషం గడిచేసరికి గుండెకు తోయడానికి ఏమీ మిగలదు. గుండె తోసే పని గురించి అందరికీ తెలుసు. ఈ తిరుగు ప్రయాణాన్నే మనం పట్టించుకోం.

గుండె కింది భాగంలోని ఎడమ గది, అంటే ఎడమ జఠరిక, ముడుచుకున్నప్పుడు ధమనుల్లో పీడనం పాదరసం లెక్కలో 120 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. అక్కణ్ణుంచి రక్తం సన్నటి కేశనాళికల్లోకి వెళ్ళాలి. ఎర్రరక్తకణం అడ్డుకొలత 7, 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, కొన్ని కేశనాళికలు అంతకంటే ఇరుకు. కణం మడతపడి, ఒళ్ళు సాగదీసుకుని దూరుతుంది. ఆక్సిజన్ కణజాలానికి చేరేది ఇక్కడే. ఇదంతా దాటి సిరల్లోకి వచ్చేసరికి గుండె ఇచ్చిన తోపు చాలావరకు అయిపోతుంది. నిలబడ్డ మనిషి పాదాల్లోని రక్తం మాత్రం ఇంకా ఛాతీ ఎత్తుకు ఎక్కాల్సే ఉంటుంది.

సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీకి ముందు వైద్యులు వాటిని చూశారు గానీ, అవి ఎందుకున్నాయో సరిగ్గా పట్టుకోలేదు. అవి రక్తాన్ని గుండెవైపే వెళ్ళనిస్తాయని, రక్తం ఒంట్లో చుట్టూ తిరుగుతుందని హార్వీ 1628లో వాదించాడు. అందుకు ఆయన చూపించిన రుజువు మీ చేతి మీదే చూడొచ్చు. మోచేతికి పైన కాసేపు బిగించి పట్టుకుంటే ముంజేతి సిరలు తేలతాయి. ఒక సిరను మణికట్టు వైపు వేలితో నొక్కి ఉంచి, ఇంకో వేలితో రక్తాన్ని పైకి, చిన్న ముడిలా ఉబ్బిన చోటు దాటేదాకా తోసేయండి. ఆ రెండో వేలు తీసినా పైనున్న రక్తం ఆ ముడి దాటి కిందికి దిగదు. కింది వేలు తీయగానే ఖాళీ సిర నిండిపోతుంది. ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను మాత్రం హార్వీ చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1661లో, ఇటలీ శాస్త్రవేత్త మాల్పిగీ కప్ప ఊపిరితిత్తుల్లో వాటిని మైక్రోస్కోప్‌తో చూశాడు.

కవాటం వెనక్కి పోనివ్వదు, సరే. మరి పైకి ఎక్కించేదెవరు? ముఖ్యంగా పిక్కలు. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరం బిగుసుకుని, లోపలి సిరలను తడిబట్టను పిండినట్టు పిండుతుంది. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో పీడనం 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే అది 30 దరిదాపుల్లోకి దిగుతుంది. గుండె జబ్బుల గురించి ఇన్ని మాటలు వింటాం కదా, ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా పెద్దగా వినపడదని నాకు బాధగా ఉంటుంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు ఛాతీలో పీడనం తగ్గడం కూడా రక్తాన్ని పైకి లాగుతుంది.

గంటల తరబడి కదలకుండా నిలబడ్డవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోవడానికి ఒక కారణం ఇదే. రక్తం కాళ్ళలో చేరిపోయి మెదడుకు తగ్గుతుంది. అలా పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టకూడదు. పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తాలి.

కాబట్టి కుర్చీలో పనిచేసేవాళ్ళు అప్పుడప్పుడూ లేచి తిరగాలి. లేవడం కుదరకపోతే మడమలు ఎత్తి దించినా పిక్కలు పనిచేస్తాయి. ఇక ధమనుల వైపు చెప్పాల్సినవి తెలిసినవే. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పొగ పూర్తిగా మానేయాలి, అది రక్తనాళాల లోపలి పొరనే దెబ్బతీస్తుంది. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు, చూపించుకుంటేనే తెలుస్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాతో, సుదీర్ఘ ప్రయాణం తర్వాతో ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వెచ్చగా అనిపిస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలికి మసాజ్ చేయొద్దు, ఆ రోజే డాక్టరుకు చూపించండి. దానికి తోడు ఆయాసమో, ఛాతీ నొప్పో ఉన్నట్టుండి మొదలైతే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. అప్పుడు నిమిషం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.