మ్యాచ్‌కు ముందు రాసే ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే చాలు, నా ఫోనుకు ఒకే రకం సందేశాలు మొదలవుతాయి: “సార్, లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఒక్కసారి చూసిపెడతారా?” మన దగ్గర ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో రెసిడెన్సీ (పీజీ వైద్య శిక్షణ) ఇంటర్వ్యూలు ముగించుకుని, ఏం చేయాలో తోచక కూర్చున్న పిల్లలు వీళ్లు. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే, “నా మొదటి ఎంపిక మీరే” అని ఇంటర్వ్యూ తర్వాత ఆసుపత్రికి రాసే ఉత్తరం. ఇక్కడ అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ ఫ్యాకల్టీగా ఆ ఉత్తరాలు అందుకునేవారిలో నేనూ ఒకడిని.

అపోహ: ఉత్తరం అదిరితే సీటు ఖాయం.

సీట్లు పంచేది ఎన్ఆర్ఎంపీ (రెసిడెన్సీ సీట్లు కేటాయించే అమెరికా సంస్థ) కంప్యూటర్. ఈ పంపకాన్నే మ్యాచ్ అంటారు. అభ్యర్థులూ, ప్రోగ్రాములూ (ఆసుపత్రుల్లోని శిక్షణ విభాగాలు) తమ ఇష్టాన్ని బట్టి ఒకరికొకరు ర్యాంకులు ఇచ్చుకుంటారు. మీరిచ్చిన ర్యాంకులు, ప్రోగ్రాములు ఇచ్చిన ర్యాంకులు తప్ప దానికి ఇంకేమీ తెలియదు. మా జాబితా ఖరారు చేసేటప్పుడు ఇద్దరు సరిసమానంగా కనిపిస్తే, నిజంగా ఇక్కడికి రావాలనుకున్నవారి వైపు కాస్త మొగ్గు చూపుతాం. ఉత్తరం బలం అంతవరకే. ఇంటర్వ్యూలో తేలిపోయినవారిని ఉత్తరం గట్టెక్కించడం నేనింతవరకు చూడలేదు.

అపోహ: “మీరే నా నంబర్ వన్” అని నలుగురికి రాస్తే ఎక్కడో ఒకచోట తగులుతుంది.

దొరికిపోతారు. ఎలాగంటారా? మా సీట్లు ఎన్నో ర్యాంకు దాకా వెళ్లి నిండాయో మార్చిలో మాకు తెలుస్తుంది. మీ పేరు అంతకన్నా పైనే ఉండి, మీరు వేరేచోట మ్యాచ్ అయ్యారంటే, మమ్మల్ని మొదట పెట్టలేదని అర్థం. మూడేళ్ల తర్వాత ఫెలోషిప్‌కు (సూపర్ స్పెషాలిటీ శిక్షణకు) మళ్లీ మా గుమ్మమే ఎక్కవలసి రావచ్చు. “మొదటి ర్యాంకు మీకే” అన్న మాట ఒక్కరికే రాయండి. మిగతావారికి ఆసక్తి తెలిపే చిన్న ఉత్తరం చాలు, అందులో ర్యాంకు ఊసు వద్దు.

అపోహ: ప్రోగ్రాము తీయగా జవాబిస్తే మన జాబితా మార్చుకోవాలి.

వద్దు. ఆ జవాబుకు ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదు. పైగా ఈ మ్యాచ్ పద్ధతి అభ్యర్థి ఇష్టం నుంచే మొదలవుతుంది. దీని వెనుక ఉన్న సిద్ధాంతానికీ, దాన్ని ఆచరణలో పెట్టినందుకూ లాయిడ్ షాప్లే, ఆల్విన్ రోత్‌లకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అందని ద్రాక్ష అనిపించినా సరే, మనసుకు నచ్చినదాన్ని మొదట పెడితే కింద ఉన్నవాటిలో మీ అవకాశం తగ్గదు. అన్నట్టు, మీ అంతట మీరు ఇష్టం చెప్పుకోవచ్చు గానీ, “మాకు ఎన్నో ర్యాంకు ఇస్తున్నారు?” అని ప్రోగ్రాము అడగడం నిబంధనలకు విరుద్ధం.

అపోహ: బరువైన ఇంగ్లీషు ఉండాలి.

“మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో శిక్షణ పొందడం నా చిరకాల స్వప్నం.” ఆసుపత్రి పేరు మార్చి ఇదే వాక్యం ఎవరికైనా పంపవచ్చు, పంపుతున్నారు కూడా. ఒకసారి మాకు వచ్చిన ఉత్తరంలో మూడో పేరాలో వేరే ఆసుపత్రి పేరు అలాగే ఉండిపోయింది. దాన్ని తెరిచిన కోఆర్డినేటర్ ఏమీ అనలేదు, స్క్రీను నా వైపు తిప్పిందంతే.

నాకు గుర్తుండిపోయిన ఉత్తరం వరుస ఇది. మొదటి వాక్యంలోనే “మిమ్మల్ని మొదటి స్థానంలో పెడుతున్నాను.” తర్వాత: “డయాలసిస్ మానేసిన రోగులకు మీ రెసిడెంట్లే ఫోను చేసి పిలిపిస్తారని ఇంటర్వ్యూ రోజు విన్నాను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అలాంటివారు అర్ధరాత్రి ఊపిరాడక వస్తేగానీ మాకు తెలిసేది కాదు.” ఆపై ఇంటర్వ్యూ తర్వాత పూర్తయిన ఒక పరిశోధన సంగతి, వందనం, సంతకం. అర పేజీ. మా దగ్గర విన్నది, తాను చూసింది కలిపి రాసిన ఆ రెండు వాక్యాలు ఇంకెవరూ రాయలేరు.

అపోహ: ఎప్పుడు పంపినా ఒకటే.

ర్యాంకు జాబితాల తుది గడువు ఫిబ్రవరి చివర లేదా మార్చి మొదట్లో ఉంటుంది, కానీ చాలాచోట్ల సమావేశాలు అంతకుముందే అయిపోతాయి. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల లోపు, ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు మెయిల్ చేసి కోఆర్డినేటర్‌కు ప్రతి పెట్టండి. ఇంటర్వ్యూ తర్వాత ఉత్తరాలు వద్దని ఆ ప్రోగ్రాము ముందే చెప్పి ఉంటే మాత్రం పంపకండి.